ముందు చివరి పేజీ చూడు

చి. అమ్మడికి,

ఒడిశా నుంచి మూడేళ్ళ పాప మీ ఇంటికి రాబోతోందన్న కబురుతో ఇక్కడ అందరికీ పండగే. మంచం, దుప్పట్లు, గౌన్లు అన్నీ కొన్నానని, పుస్తకాలు మాత్రం ఏవి కొనాలో తెలియక ఆగానని రాశావు. తెలిసినంతవరకూ చెబుతాను.

లైబ్రరీలో పిల్లల విభాగం చూసుకునే రోజుల్లో నా దగ్గరికి కొత్త తల్లిదండ్రులు తరచూ వచ్చేవారు. వాళ్ళలో పిల్లల్ని దత్తత తెచ్చుకున్నవాళ్ళు ఎక్కువమంది గొంతు తగ్గించి ఒకటే అడిగేవారు: "దత్తత గురించి ఏదైనా పుస్తకం ఉందా అండీ?" అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే అది రెండో ప్రశ్న. ఇంట్లో ఇరవై పుస్తకాలుంటే దత్తత మీద ఒకటో రెండో ఉండాలి. మిగతావన్నీ ఏనుగులు, వాన, చపాతీ పిండి, నిద్ర పట్టని రాత్రి, వీటి గురించే ఉండాలి. అరనిండా దత్తత కథలే పేరిస్తే, తనలో పెద్దవాళ్ళు చూసేది ఆ ఒక్క సంగతేనని పిల్లకి అర్థమైపోతుంది.

మొదటి ప్రశ్న, మీ పాప విషయంలో, భాష. దత్తతలు చూసే కారా వ్యవస్థ దేశమంతటికీ ఒక్కటే కాబట్టి గుంటూరు దంపతులకి కటక్ పిల్ల, వరంగల్ దంపతులకి నాగపూర్ పిల్ల రావచ్చు. ఏడాది లోపు బిడ్డయితే పెద్ద తేడా తెలియదు. మూడేళ్ళ పిల్ల అలా కాదు. మాటలు కూర్చి అడుగుతుంది, అలుగుతుంది, కథ చెప్పమంటుంది. అదంతా ఒడియాలో. తెల్లారేసరికి చుట్టూ ఉన్నవాళ్ళంతా తనకి తెలియని మాటలు మాట్లాడుతుంటే ఆ పిల్ల నోరు మూసుకుంటుంది. చూసినవాళ్ళు "ఎంత బుద్ధిగా ఉందో" అని మెచ్చుకుంటారు. అది బుద్ధి కాదు, బెదురు.

అందుకని మొదటి నెల మాటల్లేని పుస్తకాలు కొను. తూలికా పబ్లిషర్స్ వాళ్ళు వేసిన 'అమ్మచ్చీస్ గ్లాసెస్' ఉంది, ప్రియా కురియన్ బొమ్మలు. పొద్దున్నే లేచిన అమ్మమ్మకి కళ్ళజోడు కనబడదు, ఇల్లంతా గందరగోళం. కథంతా బొమ్మల్లోనే నడుస్తుంది, చదవడానికి వాక్యం ఉండదు. పాప ఒడియాలో ఏదో అంటుంది, నువ్వు తెలుగులో ఏదో అంటావు, ఇద్దరూ ఒకే బొమ్మ మీద వేలు పెడతారు. కొన్ని రోజులకి కళ్ళజోడు అన్న మాట తనకి వచ్చేస్తుంది, ఆ వస్తువుని ఒడియాలో ఏమంటారో నీకు వచ్చేస్తుంది. తెలుగు నేర్పాల్సిన పాఠం ఇంకోటి అక్కర్లేదు.

రెండోది, బెంగుళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటు. అందులో కథలన్నీ ఉచితం, చాలా కథలు ఒకే బొమ్మలతో అనేక భారతీయ భాషల్లో ఉంటాయి. తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్న కథలు నాలుగైదు ఏరుకుని ప్రింట్ తీయించు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒడియా చదవడం మీకు రాదు కదా, హైదరాబాద్‌లో ఒడియా వాళ్ళకి కొదవ లేదు. తెలిసినవాళ్ళ చేత చదివించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రాత్రిపూట ఒకసారి ఆ గొంతు, ఒకసారి నీ గొంతు. తన భాషని ఈ ఇంట్లో ఎవరూ బయట వదిలి రమ్మనలేదని పిల్లకి తెలియాలి.

పుస్తకం దగ్గర కూర్చున్నప్పుడు గబగబా చదివి పేజీ తిప్పేయకు. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు చిన్న పరిశోధన చేశారు. రెండు మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రులకి చదివే పద్ధతి కొంచెం మార్చి నేర్పారు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు తగ్గించి "ఏం జరుగుతోంది?" అని అడగడం, పిల్లలన్న మాటకి ఇంకో మాట కలిపి తిరిగి చెప్పడం, అంతే. నెల రోజుల్లో ఆ పిల్లలు మాటల్లో మిగతావాళ్ళని దాటారు. అయితే కొత్తగా వచ్చిన పిల్లని "ఇదేంటి? అదేంటి?" అని పరీక్ష పెట్టకూడదు. జవాబు రాకపోతే నువ్వే చెప్పి ముందుకి పో.

ఇక షాపులో ఎంచుకోవడం. అక్షరాల మీద అరచెయ్యి పెట్టి బొమ్మలు మాత్రం చూసుకుంటూ పో. కథ సగమైనా తెలియాలి. తెలియకపోతే ఆ బొమ్మలు అలంకారానికే వేశారన్నమాట. తరవాత రెండు పేజీలు పైకి చదువు. నాలుక తడబడితే పెట్టేయ్, రోజూ చదవాల్సింది నువ్వే. ఆ పైన బొమ్మల్లో మనుషుల ఒంటిరంగు చూడు. మన బజారు పుస్తకాల్లో పిల్లలంతా గులాబీ బుగ్గలతో ఉంటారు, నల్లగా ఉండేది రాక్షసీ, పనిమనిషీ. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసిన వ్యాసంలో పుస్తకాలని కిటికీలతోనూ అద్దాలతోనూ పోల్చింది. తన ముఖం ఏ పుస్తకంలోనూ కనబడని పిల్లకి, లేదా వికారంగా మాత్రమే కనబడే పిల్లకి, తన విలువ గురించి లోకం ఏమనుకుంటోందో అక్కడే తెలిసిపోతుందని ఆవిడ బాధ. పిల్ల రంగు తల్లిదండ్రుల రంగుతో కలవని ఇళ్ళలో ఇది ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

మంచివి లేకపోలేదు. నందినీ నాయర్ రాసిన 'వాట్ షల్ ఐ మేక్?' లో అమ్మ చపాతీలు చేస్తుంటే పిల్లవాడు పిండి ముద్దతో జంతువుల్ని చేస్తుంటాడు. ప్రోయితీ రాయ్ వేసిన ఆ వంటిల్లు ఏ మనింటి వంటిల్లయినా కావచ్చు. సంధ్యారావు 'మై మదర్స్ సారీ' లో పిల్లలు అమ్మ చీరలో దూరి ఆడుకుంటారు. ఐదారేళ్ళు వచ్చాక మహాశ్వేతాదేవి 'ది వై వై గర్ల్' చదవచ్చు. శబర తెగకి చెందిన మొయినా అనే పిల్ల ప్రతిదానికీ ఎందుకు అని అడుగుతూనే ఉంటుంది. చిన్న బడి వయసు దాటుతున్నప్పుడు హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' కథలు ఇవ్వచ్చు. వాటిలో గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు లాంటివాళ్ళ కథలున్నాయి, తెలుగులోనూ వచ్చాయి.

ఇప్పుడు దత్తత కథలు. వీటిని కొనేముందు చివరి పేజీ చదువు. కథ అయిపోయేసరికి పిల్ల ఎక్కడుంది, ఎవరితో ఉంది, ఎవరికైనా రుణపడి ఉందా? ఈ మూడూ చూసుకుంటే చాలు.

జపాన్‌లో పుట్టిన కీకో కాసా రాసి, బొమ్మలు వేసిన 'ఎ మదర్ ఫర్ చోకో' ఇంగ్లీషులో 1992లో వచ్చింది. చోకో ఒక చిన్న పక్షి. అమ్మ కోసం వెతుక్కుంటూ వెళ్తుంది. జిరాఫీ తనలాగే పసుపు రంగు, కానీ రెక్కల్లేవు. పెంగ్విన్‌కి రెక్కలున్నాయి, గుండ్రటి బుగ్గల్లేవు. వాల్రస్‌కి బుగ్గలున్నాయి, కాళ్ళ మీద చారల్లేవు. ఆఖరికి ఎలుగుబంటి కనబడుతుంది. దానిలో తన పోలిక ఒక్కటీ లేదు. అమ్మ ఉంటే ఏం చేసేదని ఎలుగుబంటి అడుగుతుంది. దగ్గరికి తీసుకునేది, ముద్దు పెట్టేది, పాడి ఆడేది అంటుంది చోకో. అవన్నీ చేసి ఇంటికి తీసుకెళ్తుంది ఎలుగుబంటి. అక్కడ అప్పటికే ఒక నీటిగుర్రం పిల్ల, ఒక మొసలి పిల్ల, ఒక పంది పిల్ల ఉంటాయి. చివరి పేజీలో అందరూ ఒక్క కౌగిలిలో. చోకో ఎవరికీ కృతజ్ఞతలు చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ రాదు. ఇందులో ఒక్క లోటుంది. చోకోని కన్నదెవరన్న మాట రాదు. మూడేళ్ళకి ఫరవాలేదు. ఆరేళ్ళ పిల్ల ఆ ప్రశ్న తనే వేస్తుంది, వేస్తే పుస్తకం మూసి మాట్లాడు.

పి.డి. ఈస్ట్‌మన్ 'ఆర్ యూ మై మదర్?' 1960 నుంచి అందరి ఇళ్ళలోనూ ఉంది. గుడ్డులోంచి వచ్చిన పక్షి పిల్ల కుక్కనీ, ఆవునీ, చివరికి ఓ పెద్ద యంత్రాన్నీ "నువ్వు మా అమ్మవా?" అని అడుగుతుంది. ఆఖరికి కన్నతల్లి గూటికి చేరడంతో కథ సుఖాంతం. నవ్వొచ్చే పుస్తకమే, చెడ్డదేం కాదు. కానీ అమ్మంటే కన్న అమ్మ ఒక్కతే అన్నది దాని చివరి పేజీ. ఇల్లు మారిన మొదటి నెలల్లో చదవాల్సింది మాత్రం కాదు. జానెల్ కానన్ 'స్టెల్లాలూనా' (1993) కూడా గబ్బిలం పిల్ల తన తల్లిని తిరిగి చేరుకునే కథే. అయితే పెంచిన గూటిలోని పక్షి పిల్లలతో దాని స్నేహం తెగిపోదు. అందుకని కొంచెం పెద్దయ్యాక దాన్ని దాచక్కర్లేదు.

మన కథలూ ఇదే వరసలో చూడాలి. దత్తత మాట రాగానే చుట్టాలంతా "కృష్ణుణ్ణి యశోద పెంచలేదూ!" అంటారు. ప్రేమతోనే అంటారు. వెన్న దొంగతనం, రోటికి కట్టేయడం ఉన్న బొమ్మల పుస్తకాలు మూడేళ్ళ పిల్లకి హాయిగా చదవచ్చు, అవి అమ్మా పిల్లాడి కథలు. అక్రూరుడు రథం తెచ్చి కృష్ణుణ్ణి మధురకి తీసుకుపోయే పేజీ వేరు. పెంచిన తల్లి దగ్గర్నుంచి ఎవరో వచ్చి తీసుకుపోతారన్న భయం, ఒకసారి అలా తీసుకురాబడ్డ పిల్లకి ఊహ కాదు, అనుభవం. కర్ణుడి కథలో పసిబిడ్డని పెట్టెలో పెట్టి నదిలో వదిలే బొమ్మ కూడా అలాంటిదే. రాధ, అధిరథుడు కర్ణుణ్ణి ఎంత ముద్దుగా పెంచారో చెప్పేవాళ్ళు తక్కువ. ఈ రెండు ఘట్టాలూ పదేళ్ళ దాకా ఆగవచ్చు.

ఇంకొకటి జాగ్రత్త. 1939లో అమెరికాలో వాలెంటీనా వాసన్ 'ద చోజెన్ బేబీ' రాసింది. దత్తత సంగతి పిల్లలకి దాచకుండా చెప్పాలన్న ఆ పుస్తకం తన కాలానికి గొప్ప మేలే చేసింది. అయితే "అందరిలోంచి నిన్నే ఏరుకున్నాం" అన్న ధోరణి కథలు అప్పటినుంచీ స్థిరపడిపోయాయి. ఏరుకున్నారంటే అంతకుముందు ఎవరో వద్దనుకున్నారా అన్న అనుమానం కొంచెం ఎదిగిన పిల్లలకి వస్తుంది. పైగా మన దేశంలో అది నిజం కూడా కాదు. వరసలో మీ పేరు వచ్చినప్పుడు పాప వివరాలు వచ్చాయి, 48 గంటల్లో ఒప్పుకోవాలి, మీరు ఒప్పుకున్నారు. ఆ గంటల్లో మీ ఇంట్లో జరిగిందే చక్కటి కథ. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పు.

మన దగ్గర తయారైన దత్తత పుస్తకాల్లో తూలికా వాళ్ళది, దీపా బల్సావర్ రాసిన 'ద లోన్లీ కింగ్ అండ్ క్వీన్' ముందు చూడు. ఒక్కటి గుర్తుంచుకో, ఏ పుస్తకమూ ఒక్కసారి చదివితే పని అయిపోదు. డేవిడ్ బ్రాడ్జిన్స్కీ బృందం 1984లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం బడికి పోని వయసు పిల్లలు "నన్ను దత్తత తీసుకున్నారు" అని గడగడా చెప్పగలరు గానీ దాని అర్థం తెలియదు. ఆరేడేళ్ళకి కనడం వేరు, దత్తత వేరు అని తెలుస్తుంది. ఎనిమిది దాటాక తాము పోగొట్టుకున్నదేమిటన్న ఆలోచన మొదలవుతుంది. అప్పటిదాకా సంబరంగా చెప్పించుకున్న కథని అప్పుడు విసిరికొట్టవచ్చు కూడా. మీ పెంపకంలో లోపమని కంగారుపడకు. అదే పుస్తకాన్ని అప్పుడు మళ్ళీ తియ్యి.

అన్నిటికన్నా ముఖ్యమైన పుస్తకం షాపులో దొరకదు, మీరిద్దరూ తయారుచేయాలి. పది పన్నెండు పేజీలు చాలు, ఫొటోలు అంటించి కింద ఒక్కొక్క వాక్యం రాయండి. మొదటి పేజీలో మీకు ఫోన్ వచ్చిన రోజు పెట్టొద్దు. దత్తత పిల్లల్లో కొంతమంది తాము పుట్టలేదనీ, ఏ ఆఫీసు నుంచో వచ్చామనీ అనుకుంటారు. అందుకని పుట్టుకతోనే మొదలుపెట్టు: అందరు పిల్లల్లాగే నువ్వూ ఒక అమ్మ కడుపులోంచి పుట్టావు. ఆవిడ గురించి తెలిస్తే తెలిసినంత, తెలియకపోతే తెలియదని రాయి. చుక్కల్లోంచి దిగివచ్చావని మాత్రం రాయకు. పాప వివరాల నివేదిక, వైద్య నివేదిక మీకిస్తారు. తేదీలు, ఊరు వాటిలోంచే తీసుకో. పద్దెనిమిదేళ్ళు నిండాక తన మూలాలు తెలుసుకోవడానికి దరఖాస్తు పెట్టుకునే హక్కు నిబంధనల్లోనే ఉంది. ఆ రోజు కాగితాల్లో కనబడేదీ, మీరు రాసిందీ ఒక్కటే అయ్యుండాలి.

పాపని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు అక్కడి ఆయాలవీ, తను పడుకున్న మంచానిదీ, వాకిట్లో చెట్టుదీ ఫొటోలు తీయడానికి అనుమతి అడగండి. ఆ రోజు తను వేసుకున్న గౌను పాతదని పారేయకు. ఈ పుస్తకం వచ్చినవాళ్ళందరికీ చూపించేది కాదు, అందులో ఉన్న సంగతులు పాపవి. బంధువుల కోసం కావాలంటే మీ ఇంటికొచ్చాక తీసిన ఫొటోలతో వేరే ఆల్బమ్ పెట్టు.

డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్ పెడతారు. ఆదివారం సాయంత్రం కాకుండా, జనం పలచగా ఉండే రోజు చూసుకుని పాపని తీసుకెళ్ళు. తార్నాకలోని 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వాళ్ళు స్టాల్ పెడితే అక్కడ మొదలుపెట్టు, ధరలు అందుబాటులో ఉంటాయి. ఒక్క పుస్తకమైనా పాపనే ఏరుకోనివ్వు. మెరుపు కాగితం అట్ట ఉన్న రంగుల పుస్తకం పట్టుకున్నా కొనిపెట్టు. 'అమ్మచ్చీస్ గ్లాసెస్', 'ఎ మదర్ ఫర్ చోకో' ఇక్కడినుంచే పంపుతున్నాను, మళ్ళీ కొనకు. స్టోరీవీవర్ కథలు ఏవి ఎంచావో ఫోన్ చేసి చెప్పు. తెలుగు సాఫీగా లేనిచోట కలిసి సరిచేద్దాం.

ఉంటాను,
మీ పెద్దమ్మ