గర్భసంచి తొలగించిన పిదప: స్త్రీలు తెలుసుకోవలసిన విషయాలు

సోలాపూర్ నేతవాడలలోని తెలుగు స్త్రీలలో అనేకులు బీడీలు చుడుతూ, కండెలు చుడుతూ సంసారానికి చేయూతనిస్తున్నారు. అధిక రక్తస్రావం, నడుము నొప్పి బాధించిననాడు పని సాగదు, కూలి రాదు. పిల్లలు పుట్టిన తరువాత ఆ సంచితో పనేమున్నదని తలచి, తీయించుకొనుటే సులువని కొందరు నిశ్చయించుకొంటారు.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించబడినవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. మన రాష్ట్రంలోని బీడ్ జిల్లాలో 2019లో 82,309 మంది చెరకు కోత స్త్రీలను విచారించగా, 13,861 మందికి ఈ శస్త్రచికిత్స జరిగినట్లు తేలింది. అనవసర శస్త్రచికిత్సలను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు వెలువరించింది. వాటిని మూడు నెలలలో అమలు చేయవలసినదిగా సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలను ఆదేశించింది.

క్యాన్సర్ వంటి వ్యాధులలో ఈ శస్త్రచికిత్స ప్రాణరక్షకమే. అయితే తెల్లబట్ట, అధిక రక్తస్రావం వంటి బాధలు అనేకం మందులతోనే తగ్గుతాయి.

గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. సంచిని మాత్రమే తీసినచో నెలసరి ఆగుతుంది. అండాశయాలు హార్మోన్లను ఇస్తూనే ఉంటాయి. అయితే అవి కొన్నేళ్లు ముందుగా ఉడిగిపోవచ్చును. రెండు అండాశయాలను కూడా తీసినచో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, యోనిలో పొడితనం, దిగులు కలుగుతాయి. ఎండ వేడిమి వలననో, పని అలసట వలననో అని వీటిని ఉపేక్షించరాదు. 45 ఏళ్లలోపు ఈ స్థితి ఏర్పడినచో ఎముకలు గుల్లబారుట, గుండె జబ్బు వచ్చుట అధికం.

అట్టివారికి, అభ్యంతరకర కారణాలు లేనిచో, సహజంగా ముట్లుడిగే వయసు వరకు హార్మోన్ చికిత్సను వైద్యులు సూచిస్తారు. గర్భసంచి ఉన్నవారికి దాని లోపొర రక్షణకై ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ కూడా అవసరం; సంచి లేనివారికి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలును. ఇది మాత్రలుగా, చర్మంపై రాసే జెల్‌గా, అంటించే పట్టీగా లభిస్తుంది.

ఈ మందులతో క్యాన్సర్ వస్తుందన్న భయం కలదు. గర్భసంచి లేని, 50–79 ఏళ్ల అమెరికా స్త్రీలపై జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2004లో వెలువడినవి. ఈస్ట్రోజెన్ మాత్రమే వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం మాత్రం కొంత పెరిగింది. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టుట, పక్షవాతం, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారు, లేదా గతంలో వచ్చినవారు వైద్యునికి ఆ సంగతి ముందుగా తెలుపవలెను. దుకాణంలో అడిగి కొని వాడరాదు.

శస్త్రచికిత్సకు ముందు అడగవలసిన ప్రశ్నలు:

1. నా వ్యాధి పేరేమి? మందులతో తగ్గదా?
2. అండాశయాలను ఉంచుతారా, తీస్తారా? ఎందుచేత?
3. తీసినచో హార్మోన్ చికిత్స నాకు తగునా? ఎన్నేళ్లు వాడవలెను?

సందేహమున్నచో ప్రభుత్వ ఆసుపత్రిలో మరొక వైద్యుని అభిప్రాయం తీసుకొనవచ్చును. ఇంతకుముందే శస్త్రచికిత్స జరిగినవారు డిశ్చార్జి కార్డు తీసి చూపించవలెను. ఏ అవయవం తీసినదీ అందులో వ్రాసి ఉంటుంది. ఆ కార్డును రేషన్ కార్డువలె భద్రపరచుకొనుట మేలు.