పాత ట్రాక్టరుకు ఆయిలు హెచ్చరిక

దమ్ము చేయునప్పుడు డ్రైవరు చూపు వెనుకనున్న పనిముట్టుమీదనే ఉండును. ఎదుట ఆయిలు మీటరు ముల్లు పడిపోయినను గమనించడు. ఆయిలు వత్తిడి లేకుండ కొద్ది నిమిషములు నడిచినను బేరింగులు చెడి ఇంజను పట్టివేయును. కనుక పాత ట్రాక్టరుకు హెచ్చరిక దీపమును, బజరును అమర్చుకొనుడు.

కావలసినవి: మీ ఇంజనుకు సరిపడు ఆయిలు ప్రెషరు స్విచ్చి, 12 వోల్టుల బల్బు, బజరు, ఫ్యూజు, తీగె. వత్తిడి లేనప్పుడు కలిసియుండి, వత్తిడి రాగానే విడిపోవు స్విచ్చినే కొనవలెను.

అమర్చు విధము: (నెగెటివు ఎర్తు గల 12 వోల్టుల ట్రాక్టర్లకు)

1. ఇంజను చల్లారిన పిదప బ్యాటరీ ఎర్తు తీగె విప్పుడు.
2. మీటరు గొట్టము ఇంజనులో బిగియుచోట మూడు దారుల జాయింటు పెట్టి, మీటరుతోపాటు స్విచ్చిని బిగించుడు. మరలకు టేపు మందముగా చుట్టినచో ఎర్తు అందదు.
3. తాళపు స్విచ్చినుండి ఫ్యూజు గుండా తీగె తెచ్చి బల్బుకు, బజరుకు విడివిడిగా ఇచ్చి, వాటి రెండవ కొసలను ప్రెషరు స్విచ్చికి కలుపుడు.

పరీక్ష: తాళము త్రిప్పగానే దీపము వెలిగి బజరు మ్రోగవలెను. ఇంజను స్టార్టయిన కొద్ది సెకండ్లలో రెండును ఆగవలెను. తాళము త్రిప్పినను వెలగనిచో బల్బును, ఫ్యూజును, తీగెలను చూడుడు.

పని నడుమ బజరు మ్రోగినచో ముందు ఇంజను ఆపి, పిదప ఆయిలు పుల్ల తీసి చూడుడు. "ఈ చుట్టు ముగించి ఆపుదము" అనుకొనరాదు. బజరు ఉన్నదని ప్రతి ఉదయము ఆయిలు చూచుకొనుట మానరాదు.