బుడగ చిన్నదైతే ఒత్తిడి పెద్దది

అక్వేరియంలో మొక్కలు పెంచే మిత్రులకు ఒక అలవాటుంది. డిఫ్యూజర్ నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలు సరిగ్గా రాకపోతే వెంటనే రెగ్యులేటర్ తిప్పేస్తారు. బుడగలు వస్తాయి. ఒక్కోసారి తెల్లారేసరికి చేపలు కూడా తేలతాయి. ఒత్తిడి వేరు, మోతాదు వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే చిక్కంతా.

ముందు ఒత్తిడి. తొట్టి లోతుగా ఉంది కాబట్టి ఎక్కువ ఒత్తిడి కావాలనుకుంటాం. లెక్క వేస్తే 40 సెంటీమీటర్ల నీటికి వచ్చేది 0.04 బార్ మాత్రమే. అసలు అడ్డం డిఫ్యూజర్ బిళ్లలోని సన్నని రంధ్రాలు. వాటిలో చేరిన నీటిని తలతన్యత పట్టి ఉంచుతుంది. ఆ నీటిని నెట్టాలంటే:

కావాల్సిన ఒత్తిడి = 4 × తలతన్యత ÷ రంధ్రం వ్యాసం

నీటి తలతన్యత మీటరుకు సుమారు 0.072 న్యూటన్లు. రంధ్రం 10 మైక్రాన్లుంటే 0.29 బార్ చాలు. 2 మైక్రాన్లుంటే 1.44 బార్ కావాలి.

అందుకే మామూలు సిరామిక్ బిళ్లకు 1 నుంచి 1.5 బార్, పైపు మధ్యలో బిగించే ఇన్‌లైన్ రకానికి 2 బార్ పైన పెట్టి మొదలుపెట్టవచ్చు. పెట్టె మీద అంకె ఉంటే దాన్నే పాటించండి. బిళ్లంతా సమంగా బుడగలు వచ్చాయా, అక్కడ ఆపేయండి. కొన్నాళ్లకు తగ్గితే అది పాచి పని, బిళ్ల కడగండి. బెల్లం, ఈస్టు కలిపిన సీసాతో గ్యాస్ తయారుచేసేవాళ్లకు ఇంత ఒత్తిడి నిలకడగా రాకపోవచ్చు. చిత్తూరు బెల్లం ఎంత మంచిదైనా సరే! వాళ్లకు పెద్ద రంధ్రాల రాయే మేలు.

ఇక మోతాదు. దీన్ని సరిచేసేది నీడిల్ వాల్వ్. వాల్వ్ కదపకుండా ఒత్తిడి పెంచితే గ్యాస్ కూడా ఎక్కువ పోతుంది. చేపలకు ముప్పు అక్కడే. కాబట్టి ముందు వాల్వ్ మూసి, ఒత్తిడి పెట్టి, ఆ తర్వాత వాల్వ్ కొద్దికొద్దిగా తెరవండి. డ్రాప్ చెకర్‌లో ఆకుపచ్చ రంగు వస్తే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములున్నట్టు. పసుపైతే ఎక్కువైనట్టు. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది, తొందరపడొద్దు. రాత్రి మొక్కలకు ఈ గ్యాస్ అక్కర్లేదు, లైటుతోపాటే ఆపేయాలి.

మన తిరుపతి ఎండలకు ఇంకో సంగతి. 25 డిగ్రీల దగ్గర, ద్రవం మిగిలి ఉన్నంతవరకూ సిలిండర్ మీటరు 64 బార్ చూపిస్తుంది. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉండలేదు. అప్పుడు వేడితో మీటరు పైకి పోతుంది. అది చూసి గ్యాస్ బోలెడుందనుకోకండి. ఎండ 40 దాటే ఊళ్లో సిలిండర్‌ను బాల్కనీలో పెట్టకూడదు, నీడలో నిలబెట్టి కట్టేయాలి. పైగా నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది: 25 డిగ్రీల్లో లీటరుకు 8.2 మిల్లీగ్రాముల వరకూ కరిగితే, 30 డిగ్రీల్లో 7.5 మాత్రమే. అందుకే మే నెలలో బుడగలు కాస్త తగ్గించండి. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయంటే ఏ మీటరూ చూడక్కర్లేదు. గ్యాస్ ఆపి, ఎయిర్ పంపు వేయండి.