నీడలో నిలబడ్డ ముఖాలు – హెచ్‌.డి.ఆర్‌. ఫోటోగ్రఫీలో తొలి పాఠం

మన హాస్టల్ ఆఫీసు గదిలో గోడకున్న పాత గ్రూపు ఫోటో అందరం చూసే ఉంటాం. ముందు వరుసలో వార్డెన్‌గారు, ట్యూటర్లు కుర్చీల్లో కూర్చున్నారు. ఆవరణలో ఇసుక తెల్లగా మెరుస్తోంది. వెనక వరండాలో నిలబడ్డ పిల్లలకు మాత్రం ముఖాలు లేవు. పోయినసారి వార్షికోత్సవానికి వచ్చిన ఒక పూర్వ విద్యార్థి అన్నయ్య తన కొడుకును ఎత్తుకుని, "వెనక వరుసలో ఎడమ నుంచి నాలుగోవాణ్ణి నేనేరా" అని వేలుపెట్టి చూపించారు. అక్కడ చొక్కా కాలరు తప్ప ఏమీ కనబడలేదు. ఆ రోజు ఫోటో తీసినాయన "మీరు నల్లగా ఉంటే కెమెరా ఏం చేస్తుంది?" అన్నారట. కెమెరా ఏం చేస్తుందో, మనం దానిచేత ఏం చేయించవచ్చో మిత్రులకు తెలియజేయాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

తప్పు మన రంగుది కాదు, వెలుగు కొలతది. మధ్యాహ్నం ఎండలో ఉన్న ఇసుకకూ, వరండా నీడలో ఉన్న ముఖానికీ వెలుగులో పదహారు రెట్లు తేడా ఉండటం మామూలే. వెలుగు రెట్టింపైతే దాన్ని ఒక స్టాప్ అంటారు. పదహారు రెట్లంటే నాలుగు స్టాప్‌లు. మన కన్ను ఇసుకను చూసేటప్పుడు ఒకలా, నీడను చూసేటప్పుడు ఒకలా సర్దుకుంటుంది. కెమెరా ఒక్క క్లిక్కులో ఒకే కొలత తీసుకుంటుంది. ఫ్రేములో తెల్ల ఇసుక ఎక్కువగా ఉంటే "అబ్బో, వెలుగు చాలా ఉంది" అనుకుని మొత్తం ఫోటోను తగ్గించేస్తుంది. అప్పుడు నీడలో ఉన్నవాడు, ఎర్రగా ఉన్నా చామనఛాయగా ఉన్నా, మసిబారిపోతాడు. ఒక దృశ్యంలో అతి చీకటికీ అతి వెలుగుకీ మధ్య ఉన్న ఈ దూరమే డైనమిక్ రేంజ్. ఆ దూరం కెమెరా శక్తికి మించినప్పుడు రెండు మూడు ఫోటోలు తీసి కలిపే పద్ధతే హై డైనమిక్ రేంజ్, అంటే హెచ్‌.డి.ఆర్‌.

నేర్చుకోవడానికి మన గోదావరి గట్టును మించిన బడి లేదు. రాజమండ్రి నదికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే సూర్యుడు ఎదురుగా కొవ్వూరు వైపు దిగుతాడు. 1900లో కట్టి 1997లో రైళ్లు ఆపేసిన హేవలాక్ వంతెన, 1997లోనే వచ్చిన ఆర్చి వంతెన ఆ వెలుగుకు అడ్డంగా ఉంటాయి. ఆకాశానికి కొలత పెడితే మెట్లు, మనుషులు నల్లబడతారు. మెట్లకు పెడితే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది.

కాబట్టి మూడు ఫోటోలు తీయాలి. ఒకటి మామూలుగా, ఒకటి రెండు స్టాప్‌లు తక్కువ వెలుగుతో, ఒకటి రెండు స్టాప్‌లు ఎక్కువతో. చేత్తో సెట్ చేసే కెమెరా అయితే షట్టర్ వేగం మాత్రమే మార్చాలి. 1/125 సెకను మామూలు ఫోటో అనుకుంటే, 1/500 చీకటిది, 1/30 వెలుగుది. అపెర్చర్, ఐ.ఎస్‌.ఓ., ఫోకస్ ముట్టుకోకూడదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ వేసుకుంటే, ఫోన్ అనుమతించినంత మేరకు, ఈ మూడూ తనే వరసగా తీస్తుంది. ట్రైపాడ్ లేదని దిగులు పడవద్దు. రెండు ఇటుకల మధ్య ఫోన్ నిలబెట్టి, రెండు సెకన్ల టైమర్ పెడితే చాలు. మేము ఇసుక నింపిన పెన్నుల డబ్బా వాడాం.

కలపడానికి కంప్యూటర్‌లో లుమినెన్స్ హెచ్‌.డి.ఆర్‌. అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మూడు ఫోటోలూ ఇస్తే కదిలినవాటిని సర్ది, ఒక్కటిగా చేస్తుంది. అయితే అలా తయారైన దానిలోని వెలుగంతా మామూలు తెరకూ కాగితానికీ పట్టదు. పెద్ద గంగాళంలోని పులుసు చిన్న గిన్నెలోకి ఒంపినట్టు, దాన్ని కుదించాలి. దీన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. అందులో రైన్‌హార్డ్ అనే పద్ధతి సౌమ్యంగా ఉంటుంది. ఫట్టాల్ అనేది ప్రతి గీతనూ రెచ్చగొడుతుంది. కొత్తవాళ్లంతా ముందు ఫట్టాల్ మీదే పడతారు, మేమూ పడ్డాం. మా మొదటి ఫోటోలో గోదావరి తారురోడ్డులా ఉంది. కొబ్బరిచెట్ల చుట్టూ దేవుడి పటంలో కాంతిచక్రంలా తెల్లటి అంచు వచ్చింది. గాలికి ఊగిన మట్టలు రెండేసి కనబడ్డాయి, వెళుతున్న పడవ మూడు ముక్కలైంది. కదిలేవి ఉన్నచోట మూడు ఫోటోల పద్ధతి పనికిరాదని అప్పుడు తెలిసింది. మబ్బు పట్టిన రోజు కూడా దీని అవసరం లేదు, ఒక్క ఫోటో చాలు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1850ల్లోనే ఫ్రాన్సులో గుస్తావ్ లెగ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ తీసి కలిపి ముద్రించాడు. నేటి పద్ధతికి దారి చూపిన 1997 నాటి పరిశోధన పత్రాన్ని రాసినవారు పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్. మాలిక్‌గారు మన కాన్పూర్ ఐ.ఐ.టి.లో చదివినవారే. 2010లో ఐఫోన్‌లోకి వచ్చిన ఈ పద్ధతి ఇప్పుడు మామూలు ఫోన్లలోనూ ఉంది. చాలా ఫోన్లు మనకు చెప్పకుండానే వెంటవెంటనే కొన్ని ఫోటోలు తీసి కలిపేస్తున్నాయి.

ఇక ముఖాల సంగతి. నీడలో ముఖాన్ని పైకి తేవడం వేరు, తెల్లగా చేయడం వేరు. చాలా ఫోన్లలో బ్యూటీ అనే మీట ఉంటుంది. అది చర్మాన్ని నున్నగా చేసి రంగు మార్చేస్తుంది. హాస్టల్ ఫోటోలకు దాన్ని ఆపేయాలని మా గట్టి అభిప్రాయం. మా పరీక్ష ఇలా పెట్టుకున్నాం: వంటగది గుమ్మంలో వంట అక్క నిలబడింది, వెనక పొయ్యి వెలుగు, ముందు ఎండ. ఎడిటింగ్ అయ్యాక తెల్ల చొక్కా మడతలు కనబడాలి, జుట్టు నల్లగానే ఉండాలి, అక్క రంగు ఎదురుగా నిలబడితే ఉన్నట్టే ఉండాలి. షాడోస్ అనే మీటను సగం దాకా జరిపితే ఈ మూడూ కుదిరాయి. చివరిదాకా జరిపితే అక్క ముఖం బూడిద పూసినట్టయింది. ఆమే చూసి "ఇది నేను కాదర్రా" అంది.

గ్రూపు ఫోటోకు మాత్రం యాప్ కంటే ముందు మనుషుల్ని జరపడం మేలు. వంద మంది మూడు క్లిక్కులపాటు కదలకుండా ఉండరు, చిన్న పిల్లలు అసలుండరు. అందుకే ఈ ఏడు పొద్దున ఏడున్నరకు, అందరినీ వేపచెట్టు నీడలోనే నిలబెడుతున్నాం. సగం ఎండలో సగం నీడలో ఎవరూ ఉండకూడదు. ముందు వరుస కింద తెల్ల దుప్పటి పరిస్తే ఆ వెలుగు ముఖాల మీదికి తిరిగి వస్తుంది. కామాటి, వాచ్‌మన్ బాబాయి కూడా వరుసలోనే ఉంటారు.

పాత ఫోటో గురించి అన్నయ్యలకు ఒక మనవి. కాగితంలో లేని ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు, పుట్టించినా అది మీ ముఖం కాదు. అయితే ప్రింటులో పోయిన వివరం నెగెటివ్‌లో మిగిలి ఉండే అవకాశం ఉంది. మీ ఇంట్లోగాని, మీ ఊరి స్టూడియోలోగాని ఆ ఏటి నెగెటివ్ ఉంటే కడగకుండా, తుడవకుండా కాగితంలో చుట్టి పంపండి. స్కాన్ చేసి చూస్తాం. వెనక వరుస, ఎడమ నుంచి నాలుగో స్థానంతోనే మొదలుపెడతాం.