పొగ, నిప్పు, పచ్చికట్టె: తర్కశాస్త్ర ప్రవేశము

తర్కమనగానే మనవారికి ముందుగా స్ఫురించునది కలహము. "వానితో తర్కమెందుకు?" అని పెద్దలు మందలింతురు. లోకవ్యవహారమున తర్కమనగా గెలుపు కొఱకు చేయు వాగ్యుద్ధము. శాస్త్రమున దాని అర్థము వేరు. తెలిసిన విషయములనుండి తెలియని విషయమునకు అడుగు తప్పకుండ చేరు దారిని చూపునది తర్కశాస్త్రము. అట్లే 'అనుమానము' అను మాటకు వాడుకలో సందేహమని అర్థము; శాస్త్రమున అది సందేహమును తీర్చు సాధనము. పారిభాషిక పదముల ఈ ద్వంద్వార్థమును ఆరంభముననే గుర్తించినచో విద్యార్థికి సగము కష్టము తీరును.

ఈ శాస్త్రము ఏ ఒక్క జాతి సొత్తు కాదు. గ్రీసు దేశమున అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) దీనికి ఒక క్రమరూపమును కల్పించెను. భారతదేశమున గౌతముని న్యాయసూత్రములు మూలగ్రంథమైనవి. అరబ్బీ భాషలో ఇది 'మంతిఖ్' అను పేర వర్ధిల్లెను. అల్ ఫారాబీని అరిస్టాటిల్ తరువాత 'రెండవ గురువు' అని గౌరవించిరి. ఇబ్నె సీనా (980–1037) దీనిని మరింత విస్తరింపజేసెను. 18వ శతాబ్దిలో లక్నోకు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేర ప్రసిద్ధమైన 'దర్సె నిజామీ' పాఠక్రమములో మంతిఖ్‌కు ప్రముఖ స్థానము లభించెను.

సంస్కృతమున ఈ శాస్త్రమును నేర్చువారు నేటికిని తొలుత చేతబట్టు చిన్న పుస్తకము 'తర్కసంగ్రహము'. దీనిని రచించి, 'దీపిక' అను వ్యాఖ్యను కూడ తానే వ్రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దికి చెందిన తెలుగువాడు. ఆయన మన చిత్తూరు సీమనుండి కాశికి పోయి స్థిరపడెనని కొందరు చరిత్రకారులు వ్రాసియున్నారు. కాశికి పోయినంత మాత్రాన ఎవడును అన్నంభట్టు కాజాలడని పండితులలో ఒక నానుడి కలదు. కావున ఈ శాస్త్రము మనకు పరాయిది కాదు.

పదము, వాక్యము, అనుమానము

తర్కమునకు మొదటి మెట్టు పదము. 'మామిడి', 'కొండ', 'విద్యార్థి' అనునవి పదములు. వీనిని వినినంతనే మనస్సున ఒక భావము కలుగును; అందు ఒప్పు తప్పుల ప్రసక్తి లేదు. దీనిని మంతిఖ్‌లో 'తసవ్వుర్' అందురు. "ఈ మామిడి తీయనిది" అని ఒప్పుకొనినప్పుడు అది నిర్ణయమగును. అది సత్యమో అసత్యమో కావలసినదే. దీనిని 'తస్దీఖ్' అందురు.

నిర్ణయవాక్యములు నాలుగు విధములు. "మామిడులన్నియు తీయనివి", "ఏ మామిడియు తీయనిది కాదు", "కొన్ని మామిడులు తీయనివి", "కొన్ని మామిడులు తీయనివి కావు." ఇందు మొదటి వాక్యమును ఖండించుటకు రెండవదానితో పని లేదు, నాలుగవది చాలును. అనగా 'అన్నియు' అను మాటను పడగొట్టుటకు ఒక్క పుల్లని కాయ చాలును. కాని ఆ మాటను నిలబెట్టుటకు నూరు తీయని కాయలైనను చాలవు. ఈ భేదము చిన్నదిగా కనిపించును గాని, లోకమున జరుగు అన్యాయములలో పెక్కింటికి దీనిని మరచుటయే మూలము.

వాక్యములను కూర్చి ఫలితమును రాబట్టుట అనుమానము. న్యాయశాస్త్రమున పరులకు బోధించు అనుమానమునకు ఐదు అవయవములు:

ప్రతిజ్ఞ: ఈ కొండపై నిప్పు కలదు.
హేతువు: పొగ యుండుటచేత.
ఉదాహరణము: ఎచట పొగ యుండునో అచట నిప్పుండును, వంటయిల్లు వలె.
ఉపనయము: ఈ కొండపైనను అట్టి పొగయే కలదు.
నిగమనము: కావున ఈ కొండపై నిప్పు కలదు.

ఇందు కొండ 'పక్షము', నిప్పు 'సాధ్యము', పొగ 'హేతువు'. మంతిఖ్‌లో ఇదే విషయమును మూడు వాక్యములలో చెప్పుదురు. "ఈ కొండ పొగ గలది" అనునది సుగ్రా. "పొగ గలవన్నియు నిప్పు గలవి" అనునది కుబ్రా. "ఈ కొండ నిప్పు గలది" అనునది నతీజా. రెండు వాక్యములను ముడివేయు 'పొగ' మధ్యపదము. దానిని 'హద్దె అవ్‌సత్' అందురు. ఉర్దూ చదివిన విద్యార్థియు తెలుగు చదివిన విద్యార్థియు ఒకే సాధనమును రెండు పేర్లతో పిలుచుచున్నారని గ్రహించుట మేలు.

సత్యము, యుక్తత

విద్యార్థులు తరచు తికమకపడునది ఇచటనే. సత్యము వాక్యమునకు చెందిన గుణము. యుక్తత అనుమానపు కూర్పునకు చెందిన గుణము. "రాయలసీమ పట్టణములన్నియు సముద్రతీరమున ఉన్నవి, తిరుపతి రాయలసీమ పట్టణము, కావున తిరుపతి సముద్రతీరమున ఉన్నది." ఇందు ఫలితము అసత్యము, అయినను కూర్పు యుక్తమే. దోషము మొదటి వాక్యమున ఉన్నది.

మరొకటి చూడుడు. "చిత్తూరు వాసులందరు ఆంధ్రప్రదేశ్ వాసులు, తిరుపతి వాసులందరు ఆంధ్రప్రదేశ్ వాసులు, కావున తిరుపతి వాసులందరు చిత్తూరు వాసులు." ఇందు ఆధారవాక్యములు రెండును సత్యములే; కూర్పు మాత్రము చెడినది. ఇద్దరికి ఒక లక్షణము సమానమైనంత మాత్రాన వారిద్దరు ఒకటి కాజాలరు.

వ్యాప్తి, ఉపాధి

అనుమానమునకు ప్రాణము వ్యాప్తి. పొగ యున్నచోట నిప్పు తప్పక యుండుట అను నియత సంబంధమే వ్యాప్తి. దీనిని తిరుగవేయరాదు. నిప్పున్నచోటనెల్ల పొగ యుండదు. కొలిమిలో ఎఱ్ఱగా కాలిన ఇనుపముద్దకు పొగ ఎక్కడిది?

మరి నిప్పునుండి పొగ ఎప్పుడు వచ్చును? పచ్చికట్టె తోడైనప్పుడు. "ఇచట పొగ యుండును, నిప్పు ఉండుటచేత" అని వాదించువాడు ఈ పచ్చికట్టెను దాచిపెట్టుచున్నాడు. ఇట్లు మరుగున నిలిచి పని చేయు కారణమును నైయాయికులు 'ఉపాధి' అనిరి. పొగ యున్నచోటనెల్ల పచ్చికట్టె యుండును, నిప్పున్నచోటనెల్ల ఉండదు. అనగా ఉపాధి సాధ్యమును విడువదు, హేతువును మాత్రము విడుచును.

హేత్వాభాసములు

హేతువు వలె కనబడి హేతువు కానిది హేత్వాభాసము. మంతిఖ్‌లో తర్కదోషమును 'ముగాలతా' అందురు. తర్కసంగ్రహము హేత్వాభాసములను ఐదుగా చెప్పినది.

1. సవ్యభిచారము: "ఈయన పండితుడు, గడ్డమున్నది గనుక." గడ్డము పండితులకును ఉండును, పామరులకును ఉండును.

2. విరుద్ధము: "ఈ కుండకు నాశము లేదు, కుమ్మరి చేసినది గనుక." చేయబడినదగుట నాశము కలదనియే సాధించును.

3. సత్ప్రతిపక్షము: "వాన కురియును, మబ్బు పట్టినది గనుక" అని ఒకడు, "కురియదు, గాలి మబ్బును తరుముచున్నది గనుక" అని మరియొకడు. సమబలముగల ఎదురుహేతువు నిలిచియుండగా నిర్ణయము చేయరాదు.

4. అసిద్ధము: డిసెంబరు ఉదయమున శేషాచలము కొండలపై పొగమంచును చూచి పొగయని భ్రమించి నిప్పును ఊహించుట. ఇందు హేతువే లేదు. పచ్చికట్టెను దాచిన వాదమును కూడ ఈ తెగలోనే చేర్చిరి.

5. బాధితము: "ఈ తేనీరు చల్లనిది, ద్రవము గనుక, బావినీరు వలె." గ్లాసును తాకిన వేలు ఈ వాదమును ముగించును.

వీనితోపాటు పాశ్చాత్యులు చెప్పిన కొన్ని దోషములను కూడ గుర్తించవలెను. వాదమును విడిచి వాదించువానిని దూషించుట ఒకటి. ఒకదాని తరువాత మరొకటి జరిగినంతనే మొదటిది కారణమనుట ఇంకొకటి. కాకి వాలగా తాటిపండు పడినదను కాకతాళీయ న్యాయమును మనవారెరుగుదురు. ఒకరిద్దరిని చూచి అందరినిగూర్చి తీర్పు చెప్పుట వేరొకటి.

మన జీవితమున తర్కము

ఇప్పుడు మన ఇంటి ముంగిటి వాదములను పరీక్షింతము. "ఉర్దూ మాధ్యమమున చదివినవారు గణితమున వెనుకబడుదురు" అని కొందరందురు. ఈ మాట నిలువవలెనన్నచో ఆ మాధ్యమమున చదివిన ప్రతివాడును వెనుకబడవలెను. చక్కగా ఉత్తీర్ణుడైన ఒక్క విద్యార్థి కనబడినను వ్యాప్తి భగ్నమగును. అప్పుడు పచ్చికట్టెను వెదకవలెను. ఆ మాధ్యమమున పాఠ్యపుస్తకము సకాలమున అందినదా? గణితము బోధించు ఉపాధ్యాయుడున్నాడా? ఇవి లేనిచోట తెలుగు మాధ్యమము వారును వెనుకబడుదురు. దోషము భాషది కాదని అప్పుడు తేలును.

"ఫలానావారి అమ్మాయి బి.ఎ. చదివినను ఉద్యోగము రాలేదు, ఆడపిల్లలకు చదువెందుకు?" అనువారున్నారు. ఉద్యోగము రాని పట్టభద్రులలో మగపిల్లలును కలరు గదా! వారి విషయమున ఎవరును చదువు మాన్పించుమని అనరు. అనగా చెప్పిన హేతువు వేరు, మనస్సులోని హేతువు వేరు.

ఒకడు చేసిన తప్పునకు వాని కులమును, మతమును, ఊరిని నిందించుటయు ఇట్టిదే. 'కొందరు' అను మాటను 'అందరు' అని మార్చుటకు క్షణము పట్టదు. దాని ఫలితమును మాత్రము తప్పు చేయనివారు అనుభవింతురు. ఈ దోషమును ఇతరులు మన విషయమున చేసినప్పుడు మనము నొచ్చుకొందుము. మనము ఇతరుల విషయమున చేసినప్పుడును గుర్తింపగలిగినవాడే తార్కికుడు.

నిర్ణయాధికారము గల పెద్దలకు, కళాశాల సంఘమువారికి ఈ శాస్త్రము మరింత ఉపకరించును. ఫలితములు తగ్గినవను నివేదిక ముందుకు వచ్చినప్పుడు, పొగను చూచి నిప్పును నిందించుటకు ముందు పచ్చికట్టెను తొలగించు ఉపాయమును ఆలోచింపవచ్చును.

న్యాయశాస్త్రము చర్చను మూడు విధములుగా విభజించినది. సత్యము కొఱకు చేయునది వాదము. గెలుపు కొఱకు చేయునది జల్పము. తన పక్షమనునది లేకుండ ఎదుటివాని మాటను ఖండించుట మాత్రమే లక్ష్యముగా గలది వితండ. మన వక్తృత్వ పోటీలలో బహుమతులు తరచు జల్పమునకు లభించుచున్నవి. వాదమునకును కొన్ని లభించిన బాగుండును.

విద్యార్థులారా! ఈ దినము మీరు వినిన వాక్యములలో 'అందరు', 'ఎప్పుడును', 'అందువలననే' అను మాటలు గల మూడింటిని కాగితముపై వ్రాసికొనుడు. ప్రతిదానియందు పక్షమేది, సాధ్యమేది, హేతువేది అని విడదీయుడు. హేతువు ఉండియు సాధ్యము లేని స్థలమొకటి దొరకునేమో వెదకుడు. ఆ మూడింటిలో ఒకటైనను మీరు స్వయముగా పలికినదై యుండవలెను.