ముందు మేత, తర్వాత మంద

బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
కార్తీక పౌర్ణమి

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. ఉగాదికి ఉద్యోగం మానేసి ఊరికి పోతానని, తాత వదిలిపోయిన మూడెకరాల్లో ఇల్లు గడిచేంత పండించుకుంటానని రాశావు. రెండు గేదెలు, ఇరవై గొర్రెలు, రెండు వందల కోళ్ళు ఒక్కసారే కొంటావట. మీ అమ్మ అప్పుడే నాకు ఫోన్ చేసి, నువ్వైనా వద్దని చెప్పు అన్నది. నేను వద్దని చెప్పను. పశుసంవర్ధక శాఖలో 31 ఏళ్ళు ఊరూరా తిరిగి సూదులేసినవాణ్ణి, పొమ్మనే చెప్తున్నాను. కానీ ఆ కొనుగోలు చీటీ పక్కన పెట్టి, మేత చీటీ ఒకటి రాసుకుని పో.

గేదెతోనే మొదలుపెడదాం. పాలిచ్చే గేదెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత కావాలి. ఐదారు కిలోల చొప్పో వరిగడ్డో కావాలి. ఒళ్ళు నిలబడటానికి కిలో దాణా, ఆపైన ఇచ్చే ప్రతి రెండు లీటర్ల పాలకూ ఇంకో కిలో. తాగడానికి అరవై లీటర్ల దాకా నీళ్ళు. రెండు గేదెలంటే ఏడాదికి పచ్చిమేతే 20 టన్నులు, చొప్ప నాలుగు టన్నులు. ఈ లెక్కలోకి నీ ఇరవై గొర్రెలు ఇంకా రానేలేదు. నీ కంచంలోకి రావలసిన జొన్నా రాలేదు. మేత కొనుక్కుని పాడి చేసేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ నువ్వు కోరుకున్నది ఎవరి మీదా ఆధారపడని బతుకు. మేత కొంటే ఆ బతుకు దాణా దుకాణం ఖాతా పుస్తకంలోకి పోతుంది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. మా నాయన ఈ గల్లీలోనే ఇంటి వెనక రేకుల కొట్టంలో రెండు గేదెల్ని కట్టేవాడు. పొద్దున్నే మోండా మార్కెట్‌కు పోయి రాలిన గోబీ ఆకులు, ముల్లంగి ఆకులు గోనెసంచిలో ఎత్తుకొచ్చే పని నాది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు పక్క గల్లీలో పెళ్ళి జరిగింది. మిగిలిన అన్నం రెండు గంపలు మా ఇంటికి పంపారు. చూడు గేదె, నోరు తీపి చేద్దామని ప్రేమతో మొత్తం పెట్టేశాను. తెల్లారేసరికి పొట్ట బిగిసింది, నెమరు ఆగింది, పళ్ళు కొరుకుతూ పడిపోయింది. పొద్దెక్కేసరికి కడుపులో దూడతో సహా పోయింది. గడ్డికి అలవాటుపడిన పొట్టలో ఒక్కసారిగా అంత అన్నం పడితే పులిసి ఆమ్లమవుతుందని, అది రక్తంలోకి ఎక్కుతుందని శాఖలో చేరాకే నేర్చుకున్నాను. వెంటనే వంటసోడా నీళ్ళు తాగించి, డాక్టరు కోసం పరుగెత్తి ఉంటే బతికేదేమో. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ గేదెను కట్టిన గుంజను మాత్రం ఏడాది దాకా పీకలేదు.

అందుకే చెప్తున్నాను, పశువును ప్రేమించడం వేరే చదువు, దాని కడుపు తెలుసుకోవడం వేరే చదువు. మన జహీరాబాద్ వైపు జొన్న ఎక్కువ కాబట్టి ఇంకొకటి గుర్తుపెట్టుకో. జొన్న కోసిన మోళ్ళ నుంచి లేచే లేత పిలకల్లో, వానల్లేక వాడిన లేత పైరులో విషం ఉంటుంది. ఊళ్ళో నాము అంటారు. నాము మేసిన పశువు నిమిషాల్లో పడిపోతుంది. అదే జొన్నను పూత వచ్చాక కోసి వేస్తే భయం లేదు. ఒకే మొక్క ఒక వయసులో విషం, ఒక వయసులో తిండి. ఈ తేడా నీకు ఫోనులో చూసిన వీడియో చెప్పదు, పొలం గట్టు మీద పక్కన నిలబడి ఎవరో ఒకరు చూపించాలి.

ఆ చూపించేవాళ్ళు మన ఊరికి దగ్గరలోనే ఉన్నారు. పస్తాపూర్‌లో 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పేరు విని ఉంటావు. దాని వెన్నెముక ఊళ్ళలోని మహిళా సంఘాలు, ఎక్కువమంది చిన్న కమతాల దళిత స్త్రీలు. వాళ్ళకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి కన్నా నాకు వాళ్ళ పొలం గొప్ప. ఒక్క ఎకరంలో జొన్న, కంది, సజ్జ, కొర్ర, పెసర, అనుములు, బొబ్బర్లు, నువ్వులు, పుంటికూర, ఇలా ఇరవై రకాల దాకా కలిపి వేస్తారు. వాన ముందొస్తే ఒకటి పండుతుంది, వెనకొస్తే ఇంకొకటి. పెసర ముందు ఇంటికొస్తుంది, కంది చివరిదాకా నిలుస్తుంది, పప్పుజాతి వేళ్ళు నేలకు నత్రజని ఇస్తాయి. సాళ్ళ మధ్య ఎవరూ విత్తని గంగవాయిలి, గునుగు కూర కూడా కూరకుండలోకి వస్తాయి. ఇక పశువుల మనిషిగా నేను చూసేది వేరు: ఆ ఎకరం నుంచి జొన్న చొప్ప, కంది పొట్టు, పెసర కట్టె గాడికి వస్తాయి. పొలం కంచానికీ గాడికీ కలిపే పండుతుంది. నీ మేత చీటీలో మొదటి వరుస అదే కావాలి.

సంక్రాంతికి అక్కడ పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్ల మీద విత్తనాల గంపలు పెట్టుకుని ఊరూరా తిరుగుతూ నెల రోజులకు మాచ్‌నూర్ చేరతారు. సెలవు పెట్టుకుని వెళ్ళు. ఆ బండి వెనక నాలుగు రోజులు నడువు. బూడిద, వేపాకు కలిపి విత్తనం ఎలా దాస్తారో అడిగి తెలుసుకో. నువ్వు చదువుకున్నదానివని వాళ్ళ ముందు చెప్పుకోవద్దు, వినడానికి వచ్చానని చెప్పు.

ఇక కొనడం సంగతి. మొదటి ఏడాది పది నాటుకోళ్ళు, అంతకుమించి వద్దు. నాటుకోడి గుడ్లు తక్కువ పెడుతుంది, కానీ పొదుగుతుంది, గద్దను చూసి పిల్లల్ని రెక్కల కింద దాస్తుంది. గుడ్లే ఎక్కువ కావాలంటే రాజేంద్రనగర్ పరిశోధన సంస్థవాళ్ళు పెరటి కోసమే తీసిన గ్రామప్రియ ఉంది, ఏడాదికి రెండు వందల పైన పెడుతుంది. అది పొదగదు. దాని గుడ్లను నాటుకోడి కింద పెడితే ఇరవై ఒకటో రోజుకు పిల్లలు లేస్తాయి. రెండూ కలిపి పెంచడం నా సలహా. పిల్ల వారం దాటేలోపు కంట్లో లసోటా టీకా చుక్క పడాలి, రెండు నెలలప్పుడు కొక్కెర తెగులుకు సూది పడాలి. ఈ తెగులు వచ్చిందంటే రెండు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది, నెలల కష్టం పోతుంది. మందు లేదు, టీకా ఒక్కటే.

రెండో ఏడాది రెండు మేకలు. మూడో ఏడాది, నీ చొప్పవామి చూసుకుని, ఒక్క ఆవు. దేవని జాతి మన నేలకు అలవాటైనది, పాలూ ఇస్తుంది, కోడెదూడ సేద్యానికీ పనికొస్తుంది. ఉస్మానాబాదీ మేక నల్లటిది, తరచు కవలల్ని ఈనుతుంది. వానలకు ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు, ఏడాదికి రెండుసార్లు గాలికుంటుకు, మేకలకు పారుడు రోగానికి, చిటుకు రోగానికి, మధ్యలో నట్టల మందు. ఇవన్నీ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసి గోడకు తగిలించు. పశువుకు ఏదైనా అయితే పశువైద్య సాయానికి 1962కు ఫోన్ చెయ్యి.

గొర్రెల్ని మాత్రం నువ్వు పెట్టుకోకు. గొర్రెకు నడక కావాలి, నడిచే మనిషి కావాలి. మన వైపు కురుమలకు ఆ విద్య తరతరాలది, ఆ నల్ల దక్కనీ గొర్రె ఉన్నితోనే గొంగడి నేస్తారు. ఎండాకాలం వాళ్ళ మందను నీ పొలంలో నాలుగు రాత్రులు పెట్టించు. వాళ్ళకు జొన్నలైనా డబ్బైనా ఇవ్వు. నీ మూడెకరాలకు ఎరువు దొరుకుతుంది, ఒక్క గొర్రెను కొనకుండానే. స్వయంసమృద్ధి అంటే అన్నీ నీ కొట్టంలోనే ఉండాలని నువ్వు అనుకుంటున్నట్టు నీ ఉత్తరం చదివితే అనిపించింది. మన తాతకు గొర్రెలు లేవు, కుండలు చేయడం రాదు, నాగలి కర్రు వేరేవాళ్ళు సాగదీసేవాళ్ళు. అయినా తాత ఎవరి ముందూ చేయి చాపలేదు.

నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. పొదిగిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే అవుతాయి. మేక ఈనే పిల్లల్లోనూ అంతే. అన్నింటినీ ఉంచుకుంటే మేత చీటీ తలకిందులవుతుంది. కోసుకు తినాలి, లేదా అమ్మాలి. ఆ రోజు నీ కళ్ళలో నీళ్ళొస్తాయి, రావాలి కూడా. పేర్లు పెట్టకు అనేవాళ్ళుంటారు. నేను అలా చెప్పను. పేరు పెట్టే పెంచు, కడుపునిండా పెట్టు, తీసుకెళ్ళే రోజు తాడు నువ్వే పట్టుకుని నడిపించు. ఆ పని ఇంకొకరి మీద వేసి నువ్వు లోపల కూర్చోవద్దు. ఇది నీవల్ల కాదనిపిస్తే చెప్పు, తప్పేమీ లేదు. పంటతోనూ ఒక ఆవుతోనూ బతకొచ్చు, చీటీ తిరిగి రాద్దాం.

నీళ్ళ మాట చివరికి వదిలాను, నిజానికి అదే మొదటిది. మన బన్సీలాల్‌పేట్ మెట్లబావి నీకు చిన్నప్పుడు చూపించలేదు, చూపించడానికి ఏమీ కనబడేది కాదు. 17వ శతాబ్దం నాటి బావి. ఈ చోటు అప్పుడు నాగన్నకుంట. 1933లో ఇక్కడ ఆదర్శ కాలనీ కట్టి సేఠ్ బన్సీలాల్ పేరు పెట్టారు. బావి మాత్రం నా కళ్ళ ముందే చెత్తకుండీ అయింది. నేనూ అందులో చెత్త వేసినవాణ్ణే, దాచుకోను. కల్పనా రమేశ్ గారి రెయిన్‌వాటర్ ప్రాజెక్టు, నగరపాలక సంస్థ కలిసి లారీలకు లారీలు తోడి పోశారు. 2022 డిసెంబర్ 5న తెరిచారు. 22 లక్షల లీటర్లు పట్టే బావి అది. అరవై లీటర్ల చొప్పున లెక్కగట్టి చూశాను, పది గేదెలకు పదేళ్ళ తాగునీళ్ళు. అంత నీటిమీద మూత వేసి మేము కుళాయి దగ్గర బిందెలతో కొట్టుకున్నాం.

మన పొలంలోనూ తాత తవ్వించిన బావి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఎవరూ పూడిక తీయలేదు. గేదెల కోసం దాచిన డబ్బులో మొదటి భాగం దానికి పెట్టు. పూడిక మట్టిని చేలో పరిచెయ్యి. వైశాఖంలో, నీళ్ళు బాగా తగ్గినప్పుడు, తాడుకు రాయి కట్టి వదిలి ఎంత తడిసిందో కొలువు. ఆ కొలతే నీ మంద ఎంతో చెప్తుంది.

ఉగాది దాకా ఇంకా నాలుగైదు నెలలున్నాయి. ఉద్యోగం ఇప్పుడే మానకు, ముందు డాబా మీద చేయి అలవాటు చేసుకో. నారపల్లిలో రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మిద్దెతోట అనే మాటను ఇంటింటికీ తెచ్చారు. ఆయన్ను చూసే నేనూ మన డాబా మీద వంకాయ, టమాట, పాలకూర వేశాను. శనివారం రా. నాలుగు మడులు నీకు వదిలేస్తాను, ఈ చలికాలమంతా వాటి బాధ్యత నీదే. పేనుబంక పట్టినప్పుడు నీకు విసుగొస్తుందో, కూర్చుని ఆకు తిప్పి చూడబుద్ధవుతుందో నాకు తెలియాలి. గాంధీ ఆసుపత్రి దగ్గర దిగి ఫోన్ చెయ్యి, నేనే వస్తాను. వచ్చేటప్పుడు మన పొలం మట్టి, మూడు చోట్ల నుంచి మూడు పిడికిళ్ళు, వేరువేరు సంచుల్లో కట్టుకొని తీసుకురా.

మీ
పెద్దబాపు