పెంపుడు పిల్లులలో నీటి లోపం - నివారణకు యాజమాన్య పద్ధతులు

పట్టణాలతో పాటు గ్రామాల్లోనూ పిల్లులను పూర్తిగా ఇంటి లోపలే ఉంచి పెంచడం క్రమంగా పెరుగుతున్నది. పూర్వం ధాన్యపు గాదెల చుట్టూ తిరిగి ఎలుకలను పట్టి తిన్న పిల్లి నేడు సంచుల్లో లభించే పొడి ఆహారంపై ఆధారపడుతున్నది. నాణ్యమైన పొడి ఆహారంలో పోషకాలకు కొరత ఉండదు గాని నీరు చాలా తక్కువగా ఉంటుంది. ఆ లోటును పిల్లి గిన్నెలోని నీటితో పూర్తిగా భర్తీ చేసుకోలేదు. అందువల్ల పిల్లికి తగినంత నీరు అందించడంలో ముందుగా సరిచూడవలసినది ఆహారం, ఆ తరువాత నీటి గిన్నె.

పిల్లికి దాహం తక్కువగా ఉండడానికి కారణం

పెంపుడు పిల్లి పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాలలోని పొడి ప్రాంతాలలో నివసించే అడవి పిల్లి సంతతికి చెందినది. అక్కడ దాని ఆహారమైన ఎలుకలు, చిన్న పక్షుల శరీరంలో సుమారు 70 శాతం నీరే ఉంటుంది. వేటాడిన జంతువే నీటి అవసరాన్ని చాలావరకు తీర్చడం వల్ల పిల్లికి విడిగా నీరు తాగే అవసరం అంతగా ఉండేది కాదు. పిల్లి మూత్రపిండాలు కూడా మూత్రాన్ని బాగా చిక్కబరచి నీటిని పొదుపు చేయగలవు. శరీరంలో నీరు కొంత తగ్గినా కుక్కకు వేసినంత త్వరగా పిల్లికి దాహం వేయదు.

నీరు తాగే విధానం కూడా దీనికి తగినట్లే ఉంటుంది. పిల్లి నాలుక కొనను నీటి ఉపరితలానికి తాకించి వేగంగా పైకి లాగుతుంది. దానితో పైకి లేచిన సన్నని నీటి ధారను నోటితో అందుకుంటుంది. ఈ విధానాన్ని 2010లో అమెరికా శాస్త్రవేత్తలు హైస్పీడ్ కెమెరాలతో చిత్రీకరించి వివరించారు. సెకనుకు సుమారు నాలుగు సార్లు నాలుక ఆడించినా, ఒక్కోసారి నోటికి అందే నీరు దాదాపు 0.1 మి.లీ. మాత్రమే.

నీటి అవసరం - ఒక లెక్క

ఆరోగ్యవంతమైన పిల్లికి కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 50 మి.లీ. నీరు అన్ని మార్గాల ద్వారా కలిపి అందాలి. 4 కిలోల పిల్లికి ఇది 200 మి.లీ. అవుతుంది. ఆహారం జీర్ణమై శక్తిగా మారే క్రమంలో శరీరంలోనే సుమారు 25 మి.లీ. నీరు తయారవుతుంది.

పొడి ఆహారంలో తేమ 6 నుండి 10 శాతం. రోజుకు 60 గ్రాములు తినే పిల్లికి దాని ద్వారా 5 మి.లీ. నీరు మాత్రమే లభిస్తుంది. మిగిలిన 170 మి.లీ. గిన్నె నుండి తాగాలంటే అది రోజులో వెయ్యికి పైగా సార్లు నాలుకను ఆడించాలి. తడి ఆహారంలో తేమ 75 నుండి 80 శాతం. అదే పిల్లి 250 గ్రాముల తడి ఆహారం తింటే సుమారు 195 మి.లీ. నీరు ఆహారం ద్వారానే అందుతుంది. పొడి ఆహారం తినే పిల్లులు గిన్నెలో నీరు ఎక్కువగానే తాగుతాయి. అయినా వాటికి అందే మొత్తం నీరు సాధారణంగా తడి ఆహారం తినే పిల్లుల కన్నా తక్కువగా ఉంటుంది.

నీరు తగ్గితే కలిగే అనర్థాలు

నీరు తగ్గినప్పుడు మూత్రం చిక్కబడి అందులోని లవణాలు స్ఫటికాలుగా పేరుకుంటాయి. వీటి నుండి స్ట్రువైట్, కాల్షియం ఆక్సలేట్ రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. మూత్రాశయపు వాపు, మలబద్ధకం కూడా కనిపించవచ్చు. వయసు మళ్లిన పిల్లుల్లో తరచుగా వచ్చే మూత్రపిండాల వ్యాధి నీటి లోపం వల్ల మరింత తీవ్రమవుతుంది.

మగ పిల్లుల్లో మూత్రమార్గం సన్నగా ఉంటుంది. స్ఫటికాలు, జిగురు పదార్థం దానిలో అడ్డుపడితే మూత్రం పూర్తిగా నిలిచిపోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. చికిత్స అందకపోతే రెండు మూడు రోజుల్లోనే మరణం సంభవించవచ్చు. పిల్లి లిట్టర్ ట్రేలో కూర్చుని ముక్కడాన్ని యజమానులు మలబద్ధకంగా భావించి ఇంటి వైద్యంతో కాలయాపన చేయడం ప్రమాదకరం.

ఆహారం ద్వారా నీరు అందించే విధానం

1. వీలైనంత వరకు రోజువారీ ఆహారంలో కొంత భాగమైనా తడి ఆహారం ఉండేలా చూడాలి.

2. తడి ఆహారం కొనలేని వారు పొడి ఆహారాన్నే గోరువెచ్చని నీటితో తడిపి పెట్టవచ్చు. 60 గ్రాముల ఆహారానికి రోజు మొత్తంలో 60 మి.లీ. నీరు కలిపినా, గిన్నె నుండి తాగవలసిన నీరు 170 నుండి 110 మి.లీ.కు తగ్గుతుంది.

3. మార్పును 7 నుండి 10 రోజుల వ్యవధిలో క్రమంగా చేయాలి. మొదటి రోజు ఒక చెంచా నీటితో ప్రారంభించి, పిల్లి తింటున్న కొద్దీ పెంచాలి.

4. తడిపిన ఆహారం వేసవిలో త్వరగా పాడవుతుంది. గంటలోపు తినకుండా వదిలినదానిని తీసివేసి, కొద్దికొద్దిగా ఎక్కువ సార్లు పెట్టాలి.

5. ఎముకలు తీసిన కోడిమాంసం లేదా చేపను ఉడికించిన నీటిని చల్లార్చి ఆహారంలో కలపవచ్చు. అందులో ఉప్పు, కారం, మసాలా ఉండరాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి కనుక మన కూరల పులుసును ఎట్టి పరిస్థితుల్లోనూ పోయరాదు.

నీటి పాత్రల యాజమాన్యం

వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న స్టీలు, గాజు లేదా పింగాణీ పాత్రలు అనుకూలం. ప్లాస్టిక్ గిన్నెల గీతల్లో మురికి, సూక్ష్మజీవులు నిలుస్తాయి. మట్టి మూకుడులో నీరు చల్లగా ఉంటుంది గాని దానిని రోజూ తోమి ఎండబెట్టాలి. నీటి గిన్నెను ఆహారానికి, లిట్టర్ ట్రేకు దూరంగా, మనుషుల రాకపోకలు తక్కువగా ఉన్న చోట ఉంచాలి. ఇంట్లో ఒకటికి మించి పిల్లులు ఉంటే ఒక పిల్లి మరొకదానిని అడ్డగించకుండా వేర్వేరు గదుల్లో గిన్నెలు అమర్చాలి. నీటిని రోజుకు కనీసం ఒకసారి, వేసవిలో రెండుసార్లు మార్చాలి.

కొన్ని పిల్లులు పారే నీటిని ఇష్టపడతాయి. అటువంటి వాటికి విద్యుత్ ఫౌంటెన్ ఉపయోగపడవచ్చు. కాని అన్ని పిల్లులూ దాని వల్ల ఎక్కువ నీరు తాగుతాయని పరిశోధనల్లో రుజువు కాలేదు. కనుక ఖర్చు పెట్టే ముందు కుళాయి నుండి సన్నని ధార వదిలి పిల్లి ఇష్టాన్ని పరీక్షించుకోవాలి.

నీటి వాడకాన్ని కొలవడం

ఉదయం కొలపాత్రతో 300 మి.లీ. నీటిని గిన్నెలో పోసి, 24 గంటల తరువాత మిగిలిన నీటిని కొలవాలి. మన ప్రాంతపు వేసవిలో ఆవిరయ్యే నీరు గణనీయంగా ఉంటుంది. కనుక అదే కొలతగల మరొక గిన్నెను పిల్లికి అందని చోట ఉంచి, అందులో తగ్గిన నీటిని మినహాయించాలి. మూడు నాలుగు రోజుల సగటును నమోదు చేసుకుంటే తరువాత వచ్చే మార్పు సులభంగా తెలుస్తుంది. లిట్టర్ ట్రేలో రోజుకు ఎన్ని మూత్రపు ఉండలు ఏర్పడుతున్నాయో కూడా గమనించాలి.

చేయకూడని పనులు

- నీటికి బదులు పాలు పోయరాదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర జీర్ణం కాక విరేచనాలై ఉన్న నీరు కూడా నష్టమవుతుంది.
- సిరంజితో బలవంతంగా నీరు పట్టరాదు. నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.
- కొత్త ఆహారం తినే వరకు పస్తు ఉంచరాదు. రెండు మూడు రోజులు తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణాపాయం కలుగుతుంది.

పశువైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

మాటిమాటికి ట్రేకు వెళ్లడం, ముక్కినా మూత్రం రాకపోవడం, మూత్రంలో రక్తం, అరవడం, మూత్రద్వారాన్ని అదేపనిగా నాకడం గమనించినప్పుడు, ముఖ్యంగా మగ పిల్లిని, ఉదయం వరకు వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చిగుళ్లు తడి లేక జిగురుగా ఉండడం, కళ్లు లోతుకు పోవడం, మందకొడిగా ఉండడం నీటి లోపానికి గుర్తులు. నీరు అకస్మాత్తుగా ఎక్కువగా తాగడం కూడా మంచి లక్షణం కాదు. అలా తాగితే మూత్రపిండాల వ్యాధి, మధుమేహం లేదా థైరాయిడ్ గ్రంథి అధికంగా పనిచేయడం వంటివి ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. మూత్రపిండాలు, గుండె జబ్బులకు చికిత్స పొందుతున్న పిల్లుల ఆహారాన్ని పశువైద్యుని సలహా లేకుండా మార్చరాదు.

పిల్లి దాహం వేసినా అరిచి అడగదు. దాని ఆహారంలోని తేమను పెంచి, శుభ్రమైన నీటిని తగిన చోట అందుబాటులో ఉంచి, ట్రేను రోజూ పరిశీలించే యజమాని అనేక మూత్రకోశ సమస్యలను చాలావరకు నివారించగలడు, వచ్చిన వాటిని సకాలంలో గుర్తించగలడు.